ఐదుగురు రచయితలు, ఒక ధాతుకరండం: గొలుసుకట్టు సాహసకథకు ముందస్తు ప్రణాళిక

ఒకరు ఒక అధ్యాయం రాసి వదిలితే ఇంకొకరు అందుకుని నడిపే గొలుసుకట్టు నవల తెలుగు పాఠకులకు కొత్త కాదు. కానీ పురాతన వస్తువు కోసం పోటీపడే సాహసకథను ఈ పద్ధతిలో మొదలుపెడితే, అది నాలుగైదు అధ్యాయాల దగ్గరే చతికిలబడుతుంది. భాష రాక కాదు, ఊహ కరవై కాదు. వెతుకుతున్న వస్తువు ఎక్కడుందో రాసేవాళ్ళలో ఒక్కరికీ తెలియకపోవడం మొదటి కారణం. ఏ పాత్రకు ఎంత తెలుసో అందరూ మరిచిపోవడం రెండోది. ఈ రెండింటినీ మొదటి రెండు వారాల్లో కాగితం మీద తేల్చేస్తే మిగతా పని రాతపని మాత్రమే.

ఉదాహరణ లేకుండా చెబితే గాలిలో లెక్కలవుతాయి. కాబట్టి నాగార్జునకొండ లోయను తీసుకుందాం. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ, మధ్యలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు. సాగర్ ఆనకట్ట కింద మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ ఆ లోయనంతా తవ్వింది. గడువున్న చోట పోటీ దానంతటదే పుడుతుంది. మీ బృందం ఇంకో చోటు ఎంచుకున్నా పద్ధతి ఇదే.

ముందు లెక్కలు

ఐదుగురు రచయితలు, ఒక సూత్రధారి. సూత్రధారి మొదటి అధ్యాయం రాస్తారు, ఆ తర్వాత కలం పక్కన పెట్టి లెక్కలు చూస్తారు. ఐదుగురూ వంతులవారీగా మూడు చుట్లు రాస్తే పదిహేను అధ్యాయాలు. చివరిది అందరూ కలిసి. మొత్తం పదిహేడు. ఒక్కోటి 1,200 నుంచి 1,500 మాటలు పెట్టుకుంటే నవల దాదాపు 23 వేల మాటలకు చేరుతుంది. ఒక్కో వంతుకు వారం: ఐదు రోజులు రాయడానికి, ఒక రోజు మిగతావాళ్ళు చదవడానికి, ఒక రోజు దిద్దడానికి. ప్రణాళికకు రెండు వారాలు కలిపితే పని పంతొమ్మిది వారాలు పడుతుంది. మూడు రోజుల వంతులు పెట్టకండి. బృందంలో ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు డాలస్‌లో ఉంటే ఒక సందేహం అడిగి జవాబు అందుకోవడానికే ఒక రోజు పోతుంది.

ముగ్గురికి తగ్గితే పోటీ పలచబడుతుంది. ఆరుగురు దాటితే ఒక రచయితకు మళ్ళీ వంతు వచ్చేసరికి తన పాత్ర గొంతు తనకే గుర్తుండదు. ఐదు సరైన సంఖ్య.

అందరూ యూనికోడ్‌లోనే రాయాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన అధ్యాయాన్ని మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోతాయి. వాటిని దిద్దడానికే దిద్దుబాటు రోజు చాలదు.

వస్తువు నిజం: మూసిన కవరు

సూత్రధారి మొట్టమొదట రాయాల్సింది కథ కాదు, ఒక పేజీ పత్రం. అందులో ఐదు ప్రశ్నలకు జవాబులుండాలి: వస్తువు ఏమిటి, ఎంత పరిమాణం, ఇప్పుడు సరిగ్గా ఎక్కడుంది, చివరిసారి దాన్ని కదిపింది ఎవరు, దొరికేటప్పటికి ఏ స్థితిలో ఉంటుంది. ఈ పత్రాన్ని సూత్రధారి, ఇంకొక్క రచయిత మాత్రమే చూడాలి. సూత్రధారికి జ్వరమొస్తే కథ ఆగకూడదు కాబట్టి ఆ రెండో మనిషి.

నిజంగా దొరికిన వస్తువును వాడకండి. నాగార్జునకొండ మహాచైత్యంలో, అంటే అక్కడి పెద్ద స్తూపంలో, పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్‌కు దొరికిన ధాతువు (పూజ కోసం స్తూపంలో భద్రపరిచిన ఎముక అవశేషం) కథ లోకానికి తెలుసు. దాన్ని మళ్ళీ పోగొడితే చదివేవాళ్ళు నమ్మరు. దాని తీరు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. అక్కడ వెండి కరండంలో, అంటే భరిణెలో, చిన్న బంగారు కరండం, అందులో ఎముక ముక్క, చుట్టూ బంగారు పూలు, ముత్యాలు. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ భట్టిప్రోలులో తవ్వినప్పుడు బయటపడినవి శాసనాలున్న రాతిపెట్టెలు, వాటిలో స్ఫటిక కరండాలు. ఈ రెండింటి నుంచీ మన కల్పిత వస్తువు తయారవుతుంది: సున్నపురాతి పెట్టె, అందులో స్తూపం ఆకారంలో నాలుగంగుళాల స్ఫటిక కరండం, లోపల పదకొండు బంగారు పూలు.

ఇప్పుడు బరువు వేయండి. ఈ పని దాదాపు ఏ బృందమూ చేయదు, చేయనందుకే వెంటాడే సన్నివేశాలు తేలిపోతాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న సున్నపురాయి డెబ్బై కిలోలు దాటుతుంది. లోపల గుంట తొలిచినా అరవైకి తగ్గదు. దాన్ని చంకన పెట్టుకుని ఎవరూ కొండెక్కి పరుగెత్తలేరు, ఇద్దరు మనుషులు కావడి కట్టి మోయాలి. స్ఫటిక కరండం మాత్రం అర కిలోకు లోపే, పంచె మడతలో దాచవచ్చు. ఈ తేడా వల్లే కథకు ఒక మలుపు ఉచితంగా దొరుకుతుంది: పెట్టె ఒకరి చేతికి, కరండం మరొకరి చేతికి. శాసనం ఉన్నది పెట్టె మీద. అది లేకపోతే కరండం ఎవరిదో చెప్పే సాక్ష్యం లేదు.

స్తూపం కూడా కల్పితమే కావాలి. దానికి లోయలో లేని పేరు పెట్టండి, ఫలానా ఊరి ఫలానా దిబ్బ అని చూపకండి. గుప్తనిధుల పిచ్చితో రాత్రిపూట గుళ్ళూ దిబ్బలూ తవ్విపారేసేవాళ్ళు మన జిల్లాల్లో ఈనాటికీ ఉన్నారు. వాళ్ళకు మన కథ దారి చూపకూడదు.

ఇంకొకటీ మొదటి రోజే తేల్చాలి: కథలో మంత్రం పనిచేస్తుందా, లేదా? ఎవరో ఒకరు ఏడో అధ్యాయంలో నాగబంధం తెస్తారు, ఎనిమిదో అధ్యాయం రాసేవాళ్ళు దాన్ని కొట్టిపారేయడానికే తన వంతు ఖర్చు చేస్తారు. మా మాట అడిగితే, పాత్రలు నమ్మవచ్చు, కథ నమ్మకూడదు. పాము కాటేస్తే అది పామే.

ఎవరికి ఏం కావాలి

ఐదుగురికీ ఆ వస్తువే కావాలనుకోవడం మొదటి ప్రణాళికల్లో కనిపించే పెద్ద లోపం. అందరూ డబ్బుకోసమే వస్తే ఐదు పాత్రలు ఒక్క పాత్రే. వస్తువు చేతికొస్తే దాన్నేం చేస్తారన్నది ఒక్కొక్కరికి వేరుగా ఉండాలి, దాంతోపాటు ఎవరి గడువు వాళ్ళకుండాలి.

మన కథాకాలం 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసిన రోజు మొదలై, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడే దాకా సాగుతుంది. ఈ పదకొండు నెలల్లో కృష్ణకు కుడిగట్టు ఆంధ్ర రాష్ట్రం, గుంటూరు జిల్లా. ఎడమగట్టు హైదరాబాద్ రాష్ట్రం, నల్లగొండ జిల్లా. ఏరు దాటితే పోలీసూ మారతాడు, కలెక్టరూ మారతాడు. ఇంత మంచి సరిహద్దు కల్పించినా దొరకదు.

పాత్రలు ఇలా పంచుకోవచ్చు. ఒకరు శాసనాల అచ్చులు తీసే పురావస్తు ఉద్యోగి. వస్తువు దొరికిన చోటే నమోదు కావాలన్నది అతని పట్టు, తవ్వకం కాలం ఎండలు ముదిరేలోపే. రెండో ఆమె ముంపు ఊరి రైతు కూతురు. తరతరాలుగా ఆ దిబ్బ మీద దీపం పెడుతున్న ఇల్లు వాళ్ళది, ఊరు ఖాళీ చేసేలోపు ఆ దిబ్బలోని దేవుణ్ణి కొత్త ఊరికి తీసుకెళ్ళాలి. మూడో అతను మద్రాసు కళావస్తువుల వ్యాపారి పంపిన మనిషి, ఓడ బయలుదేరే తేదీ అతని గడువు. నాలుగో అతను సింహళ భిక్షువు. లోయలో సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారం ఉండేదని అక్కడి శాసనమే చెబుతోంది, కాబట్టి అతను పరాయివాడు కాదు. బుద్ధజయంతి 2,500వ ఏడు 1956 వైశాఖ పౌర్ణమికి వచ్చింది, ఆ రోజుకు ధాతువు పూజలో ఉండాలని అతని సంకల్పం. ఐదో అతను ఎడమగట్టు రాతి గుత్తేదారు గుమాస్తా. యజమానికి ఉన్న అప్పు, నవంబరు 1 దాటితే రెండు గట్లూ ఒకే ప్రభుత్వం కిందికి వస్తాయన్న భయం అతన్ని తరుముతున్నాయి.

వీళ్ళలో ఎవరూ దుర్మార్గులు కారని గమనించండి. ఐదుగురి వాదనలోనూ న్యాయం ఉండాలి. అది ఉందో లేదో చూడటానికి ఒక పరీక్ష: రాత మొదలుపెట్టక ముందు ప్రతి రచయితా తనది కాని ఒక పాత్ర గొంతుతో, "ఇది నాకే ఎందుకు దక్కాలి" అని 200 మాటలు రాయాలి. రాయలేకపోతే ఆ పాత్ర ఇంకా బొమ్మే, మళ్ళీ చెక్కండి. తన పాత్రనే అతిగా ప్రేమించి ఓడిపోనివ్వని జబ్బుకూ ఇదే మందు.

హక్కుల సంగతి రాతపూర్వకంగా ఉండాలి. ఇంకొకరి పాత్రను మీరు ఓడించవచ్చు, గాయపరచవచ్చు, మోసగించవచ్చు. చంపకూడదు, ఆ పాత్ర రహస్యాన్ని బయటపెట్టకూడదు, పెళ్ళి చేయకూడదు. ఈ మూడింటికీ ఆ పాత్ర సొంతదారు ఒప్పుకోవాలి.

ఏడు ఆధారాలు

ఆధారాలు ఏడు పెట్టండి. ఆరు నిజం, ఒకటి పొరపాటు. నాలుగు నిజమైనవి కలిస్తేనే చోటు తెలుస్తుంది. మొదట్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కటే ఉంటుంది, మిగిలిన రెండూ ఎవరివీ కావు. దీనివల్ల ఏ పాత్రా ఒంటరిగా గెలవలేదు. మిగిలిన ఆ రెండూ పట్టుకున్నా మూడే అవుతాయి, నాలుగోదానికి ప్రత్యర్థి గడప తొక్కాల్సిందే. పోటీదార్లు ఒకరికొకరు అక్కరకు రాకపోతే అది పోటీ కాదు, పరుగుపందెం.

ఆధారం పనిచేసే తీరు లోకంలో ఉన్నదే కావాలి. మొదటిది ఉద్యోగి దగ్గరున్న శాసనపు అచ్చు: రాయి మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో అక్షరాల గుంటల్లోకి కొట్టి, పైన సిరా అద్ది తీసింది. స్తంభం సగానికి విరిగింది కాబట్టి దాత పేరుంది, స్తూపం లోపల ధాతువు పెట్టిన అర (గది) ఏదో చెప్పే పేరు లేదు. రెండోది ఆ స్తంభం మిగతా సగం, ఎడమగట్టు ఊళ్ళో బావి మెట్టుగా ఉంది, గుమాస్తా రోజూ దాని మీదే కాలు కడుక్కుంటాడు. ఇది అతిశయోక్తి కాదు. భట్టిప్రోలు స్తూపం రాళ్ళు కాలువ పనుల్లో కలిసిపోయాయి, అమరావతి రాళ్ళు ఊరి కట్టడాల్లోకి వెళ్ళాయి. మూడోది రైతు కూతురి ఇంటి ఆచారం: వేపచెట్టు నుంచి పదకొండు అడుగుల దగ్గర దీపం. అమరావతి స్తూపాన్నే జనం దీపాలదిన్నె అన్నారు కాబట్టి ఈ ఆచారం పాఠకుడికి ఎబ్బెట్టుగా ఉండదు. నాలుగోది భిక్షువు గురువు నోటుపుస్తకంలో విహారం పటం.

ఐదోది వ్యాపారి మనిషి జేబులోని ఒక బంగారు పువ్వు, దానికంటిన సున్నం. అంటే పెట్టెను ఎవరో ఇదివరకే తెరిచారు. ఆరోది ఇటుక. నాగార్జునకొండ పెద్ద ఇటుకలు ఇరవై అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. గోడలో ఒకచోట చిన్న ఇటుకలు కనిపిస్తే, తర్వాతి కాలంలో ఎవరో తెరిచి మూసిన చోటన్నమాట. కొలబద్ద ఉన్న ఎవరికైనా ఇది దొరుకుతుంది, చూడాలన్న బుద్ధి ఉండాలి. ఏడోది పొరపాటు: అచ్చు కాగితాన్ని వెనకవైపు నుంచి చూసి గీసుకున్న నకలు. అక్షరాలూ తిరగబడ్డాయి, పక్కనున్న గీతల పటమూ తిరగబడింది. తూర్పు పడమరైంది. పొరపాటు ఆధారం అబద్ధం కంటే మేలు, ఎందుకంటే అది బయటపడినప్పుడు పాఠకుడు వెనక్కి వెళ్ళి తానూ పట్టుకోవచ్చు.

స్తూపాల కట్టడం తెలిస్తే చివరి అడ్డంకి కూడా సిద్ధమే. ఇక్కడి పెద్ద స్తూపాలు లోపల బండిచక్రంలా ఉంటాయి: నడుమ ఇరుసు, ఆకుల్లాంటి గోడలు, వాటి మధ్య మట్టితో నింపిన అరలు. మహాచైత్యంలో ధాతువు నడిమధ్యన కాక, ఒక పక్క అరలో దొరికింది. కాబట్టి నడుమ తవ్వినవాడు వట్టి చేతులతో లేస్తాడు. తొమ్మిదో అధ్యాయానికి ఇది చక్కగా సరిపోతుంది.

ఎరుక పట్టీ

ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేస్తామంటే ఇదే చేయండి. స్ప్రెడ్‌షీట్‌లో నిలువుగా ఏడు ఆధారాలు, అడ్డంగా ఐదు పాత్రలు. ముప్ఫై అయిదు గడులు. ఒక్కో గడిలో నాలుగింట ఒక మాట: తెలియదు, విన్నారు, చూశారు, తప్పుగా అర్థం చేసుకున్నారు. అధ్యాయం పూర్తిచేసిన రచయిత తానే గడులు మార్చి, పక్కన అధ్యాయం సంఖ్య వేయాలి.

ఒక అధ్యాయంలో రెండు గడులకు మించి మారకూడదు. మూడోది మారిందంటే ఆ అధ్యాయంలో ఎవరో కూర్చుని మొత్తం వివరించారని అర్థం. అసలు ఏదీ మారకపోతే ఆ అధ్యాయంలో కొట్లాటలూ వర్ణనలూ తప్ప కథ లేదు. రెండో చుట్టు చివర, అంటే పదకొండో అధ్యాయం తర్వాత, ఒకసారి పట్టీ మొత్తం చూడండి. ఏ పాత్ర వరుసలోనైనా "చూశారు" అన్నవి నాలుగు నిజమైన ఆధారాలకు చేరితే కథ తొందరపడింది. ఒక్కటే ఉంటే ఆ పాత్ర వెనకబడింది, పన్నెండో అధ్యాయంలో దానికి ఒక తలుపు తెరవాలి.

"విన్నారు"కూ "చూశారు"కూ తేడా చాలా ముఖ్యం. బావి మెట్టు మీద అక్షరాలున్నాయని రైతు కూతురు విన్నది. ఆమె ఏరు దాటి చూసేదాకా ఆ సంగతిని వాడుకోలేదు, అబద్ధం అనుకోవచ్చు, తప్పు మనిషికి చెప్పవచ్చు కూడా. మంచి సన్నివేశాలు చాలావరకు ఈ రెండు మాటల మధ్య ఖాళీలో ఉంటాయి.

ఇదే పట్టీ కింద ఇంకో చిన్న పట్టిక చేర్చండి: ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారు. ఐదుగురు రచయితలు రాస్తే రెండో అధ్యాయంలో "మీరు" అన్న మనిషి ఆరులో "నువ్వు" అంటాడు, కారణం ఉండదు. భిక్షువును "భంతే" అనేది ఎవరు, "సామీ" అనేది ఎవరు, ఉద్యోగిని రైతు కూతురు "ఆఫీసరు గారూ" అంటుందా "అయ్యా" అంటుందా అన్నీ రాసుకోవాలి. తెలుగులో మీరు నుంచి నువ్వుకు రావడం ఒక సంఘటన. దాన్ని ఒక అధ్యాయానికి కేటాయించండి, పొరపాటున జరగనివ్వకండి. పలనాటి మాట తెలిసినవారు ఒకరు, నల్లగొండ మాట తెలిసినవారు ఒకరు చదివే రోజున తమ వైపు సంభాషణలు సరిచూడాలి.

అప్పగింత చీటీ

అధ్యాయంతోపాటు తర్వాతి రచయితకు ఆరు వరుసల చీటీ వెళ్ళాలి: కథలో ఈనాటి తేదీ, ఐదుగురూ ఎక్కడున్నారు, పెట్టె, కరండం ఎవరెవరి దగ్గర, ఎవరికి ఏ గాయం, ఎవరి దగ్గర ఎంత డబ్బు, ఏ ప్రశ్న తెరిచి ఉంచారు. గాయం వరుసను ఎవరూ పట్టించుకోరు. భుజం విరిగిన మనిషి మూడు రోజుల తర్వాత పుట్టి తెడ్డు వేస్తాడు.

అధ్యాయాన్ని గొంతు మీద కత్తితో ముగించడం వంతుల కథల్లో అలవాటు. తర్వాతి రచయిత మొదటి 300 మాటలు ఆ కత్తి తప్పించడానికే ఖర్చవుతాయి. బదులుగా ఒక నిర్ణయం దగ్గర ఆపండి. గుమాస్తా రేవు దగ్గరున్నాడు, బల్లకట్టు ఎక్కాలా, వెనక్కి వెళ్ళి ఆ రెండో రాయి చూడాలా. ఏది ఎంచినా కథ ముందుకే పోతుంది.

కాలం తప్పులు

చదివే రోజున ఒకరు కాలానికి కాపలా. మన కథలో ఎప్పుడూ అణాలే ఉండాలి, నయాపైసలు 1957 ఏప్రిల్ 1న గానీ రాలేదు. ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం నుంచి తంతి వస్తే కర్నూలు నుంచి రావాలి, హైదరాబాద్ నుంచి కాదు. రైలు మాచర్ల దాకానే, అక్కడి నుంచి లోయకు పదిహేను మైళ్ళ పైచిలుకు బండిలోనో జీపులోనో. వస్తువులను దేశం దాటించడానికి 1947 నాటి ఎగుమతి నియంత్రణ చట్టం అడ్డు. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలన్నది 1878 చట్టం. 1972 పురావస్తువుల చట్టాన్ని ఏ పోలీసూ ఉదహరించకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు నీళ్ళు. 1956లోనే స్తంభాల మోకాళ్ళ దాకా జలాశయం వచ్చిందని రాసేస్తారు. ఆనకట్ట పూర్తయింది 1967లో. మన కథలో నీళ్ళంటే వానాకాలపు కృష్ణ వరదే, అదీ రేవుకు అడ్డం పడేంత. ముంపు అన్నది ఇంకా నోటీసుల్లో, ఇళ్ళకు వేసిన నంబర్లలో, ఊళ్ళో వాళ్ళ మాటల్లో ఉంటుంది. అలా రాస్తేనే ఎక్కువ భయం.

చుట్ల నడక, ముగింపు

మొదటి చుట్టు, రెండు నుంచి ఆరో అధ్యాయం దాకా, ఒక్కొక్కరి ప్రవేశం. అప్పటికే కనీసం మూడు జంటలు ముఖాముఖి తారసపడాలి. రెండో చుట్టులో ఆధారాలు చేతులు మారతాయి, ఒక పొత్తు కుదిరి ఒకటి విరుగుతుంది, నడుమ తవ్విన గుంట ఖాళీగా తేలుతుంది. మూడో చుట్టులో కొత్త పాత్రలు, కొత్త ఆధారాలు నిషేధం. ఈ నియమాన్ని ఎంత మంచి ఆలోచన వచ్చినా సడలించకండి.

మధ్యలో ఒక రచయిత తప్పుకుంటే పాత్రను చంపవద్దు. ఆ పాత్ర అనారోగ్యంతోనో, అరెస్టయ్యో ఒక వంతు పక్కన ఉంటుంది, సూత్రధారి కొత్తవారికి కవరు తప్ప అన్ని పట్టీలూ ఇస్తారు. ఒక వారం ఆలస్యం, అంతే.

ముగింపు కోసం పదకొండో అధ్యాయం తర్వాత ప్రతి రచయితా 100 మాటల్లో ఒక ప్రతిపాదన రాయాలి, అయితే అది తన పాత్రకు నష్టం కలిగించే ముగింపు కావాలి. ఐదూ పక్కపక్కన పెట్టి చదివితే ఎక్కువసార్లు రెండు ఒకే దిక్కు చూపిస్తాయి, అటే వెళ్ళండి. కరండం నీళ్ళలో పడి అందరి కళ్ళముందూ మునిగిపోయే ముగింపు ఈ లోయ విషయంలో ప్రతి బృందానికీ తడుతుంది. దాన్ని తీసుకోవద్దు, అందులో ఎవరూ ఏదీ ఎంచుకోలేదు. మునగాలంటే ఎవరో ఒకరు తెలిసీ దాన్ని అరలో తిరిగి పెట్టి, చిన్న ఇటుకలతో మూయాలి, మిగతా నలుగురిలో ఒక్కరైనా చూసి ఊరుకోవాలి. అప్పుడు చివరి పేజీలో 1967కు దూకవచ్చు.

ప్రచురణ మొదలుపెట్టే ముందు ఆరు అధ్యాయాలు చేతిలో నిల్వ ఉంచుకోండి. అప్పటి నుంచి వారానికొకటి. పదిహేడూ పూర్తయ్యాక సూత్రధారి కవరు తెరిచి, మొదటి పేజీ నుంచి గట్టిగా చదవాలి, ఐదుగురూ వినాలి. పత్రంలోని ఐదు జవాబులకూ కథకూ ఎక్కడ పొసగలేదో అక్కడ కథనే దిద్దండి, పత్రాన్ని కాదు.